నల్ల వైరు

ఆ ఫోన్ వచ్చిన రోజునే నేను తప్పుగా విన్నాను. "ఘనపూర్ల బోటు స్టార్టర్ మోటర్ పోయిందన్నా, జర రావాలె" అన్నాడు అవతలి మనిషి. మా జనగామ వాళ్లకు ఘనపూర్ అంటే లింగాల ఘనపూర్, కాదంటే స్టేషన్ ఘనపూర్. స్టార్టర్ అంటే బావి దగ్గర డబ్బాలో ఉండేది. మోటర్ అంటే బోరు మోటర్. అందుకని అతను బోటు అంటే నా చెవి బోరు అని విన్నది. నేను బోర్లు చూసేవాణ్ణి కాదు తమ్ముడూ, తప్పు నంబరుకు కొట్టావని విసుక్కుని పెట్టేశాను. మళ్లీ చేశాడు. బోరు కాదు, నీళ్లమీద నడిచే బోటు అన్నాడు. ఘనపూర్ కూడా మీది కాదు, భూపాలపల్లి దిక్కు ములుగు ఘనపూర్ అన్నాడు. అక్కడి చెరువులో బోటింగ్ కాంట్రాక్టు తీసుకున్నాడట. ఎవరో లారీ ఓనరు నా పేరు చెప్పాడట.

స్టార్టర్ మోటర్ అని పుస్తకంలో ఉంటుందేమో గానీ, మా పనిలో దాన్ని సెల్ఫ్ అంటారు. తాళం తిప్పితే ఇంజన్‌ను మొదట తిప్పి లేపేది అదే. సూర్యాపేట రోడ్డు మీద నా షాపు బోర్డు మీద కూడా 'సెల్ఫ్, డైనమో' అనే ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. బండి ఇంకా రోడ్డు మీద ఉండగానే చప్పుడు విని రోగం చెప్పేస్తాడని నాకు పేరు. ఆ పొగడ్త నాకు కల్లుకంటే ఎక్కువ ఎక్కేది. ఎక్కినట్టు నాకు తెలియకపోవడమే అసలు చిక్కు.

నేను నిజంగా సిగ్గుపడ్డ పని ఒకటుంది. అది తెలియని పనిలో చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నాకు బాగా తెలిసిన పనిలోనే చేశాను.

దసరా పోయిన వారం అది. చెరువు నిండుగా ఉంది. హన్మకొండలో బస్సు మారి, పానాల సంచీ భుజాన వేసుకుని కట్ట మీదికి చేరేసరికి పది దాటింది. ఒడ్డున రేకుల కింద టికెట్లిచ్చే ఆయన కుర్చీలో కూర్చుని లైఫ్ జాకెట్లు లెక్కపెడుతున్నాడు. పక్కనే ఒక అవ్వ చాయ్ హోటలు. బోటు ఇరవైమంది పట్టేది, ఫైబర్‌ది, కోస్తా వైపు నుంచి పాతది కొనుక్కొచ్చారు. పడవ వెనక తగిలించే ఇంజన్ కాదు దానిది. మధ్యలో పలకలు తీస్తే ఒక గుంత, ఆ గుంతలో ఇంజన్. చూస్తే పాత ట్రాక్టర్లకు ఉండే రకమే. దాన్ని చూడగానే నా గుండె నిమ్మళమైంది. పడవైతేనేం, ఇంజన్ మన చుట్టమే అనుకున్నాను.

బోటు నడిపేది ఒక పెద్దమనిషి. అరవై దాటి ఉంటాడు. బక్క మనిషి, తలకు తువ్వాల, మొలతాడుకు బోటు తాళం. ఆ చెరువులో చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. తెప్ప మీద మొదలుపెట్టి ఈ బోటు దాకా వచ్చాడు. నన్ను చూడగానే "రా మేస్త్రీ, నీకోసమే చూస్తన్న" అని సంచీ అందుకున్నాడు. నేను ఆయన్ని కాక అని పిలిచాను.

కాంట్రాక్టర్ నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడే. చాయ్ తాగుతూ మన దగ్గర అందరూ అడిగేదే అడిగాడు: ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు. చెప్పాను. మా చిన్నాయన వియ్యంకులు ఆయనకు దూరపు చుట్టాలని తేలింది. ఇంకేం, కుర్చీ తెప్పించాడు. కాక కొంచెం దూరంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను మేస్త్రీ అనలేదు. పటేలా అన్నాడు, మా దిక్కు భూములున్న పెద్దకులాలవాళ్లను పిలిచే పిలుపు అది. నాకది బాగానే ఉంది. ఇప్పుడు దాచడం ఎందుకు, చాలా బాగుంది.

పనిలోకి దిగాం. తాళం తిప్పమన్నాను. 'టక్' అంది. రెండోసారి తిప్పితే ఒక్క మూలుగు మూలిగి ఆగింది. నేను ఇంకా ఒడ్డునే ఉన్నాను, బోటులో కాలు కూడా పెట్టలేదు. అక్కణ్ణుంచే సెల్ఫ్ పోయిందని చెప్పేశాను. మూడు నెలల కిందనే కొత్తది వేయించానన్నాడు కాంట్రాక్టర్. ఎవరు వేశారో గానీ సరిగ్గా వేసి ఉండరన్నాను. పక్కవాడి పనిని తీసిపారేయడం మా వృత్తిలో మొదటి పాఠం.

గుంతలోకి దిగాక కాక నా చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాడు. "పటేలా, గా నల్ల వైరు జర చూడు. తాళం తిప్పినప్పుడు దాని కొసకు చెయ్యి పెడితే కాలుతంది. పొద్దుగాల తడికి అసలే తీస్కుంటలేదు, ఎండెక్కినంక తీస్కుంటది."

నేను నవ్వాను. నల్ల వైరంటే బ్యాటరీ నుంచి ఇంజన్‌కు వచ్చే ఎర్త్ వైరు. కరెంటు ఎర్ర వైరు మీద వెళ్లి పని చేసి, నల్ల వైరు మీద తిరిగి వస్తుంది. లారీలో, ట్రాక్టర్‌లో ఆ తిరిగివచ్చే దారి గురించి మేం పెద్దగా పట్టించుకోం. బండి బాడీ అంతా ఇనుమే, బాడీయే ఎర్త్. ఒక దారి మూసుకుపోతే కరెంటు ఇంకో దారిన వస్తుంది. ఇరవై ఆరేళ్లు ఇనుప బండ్ల మధ్య బతికినవాణ్ణి. ఆ బోల్టును వేలితో ఒకసారి కదిపి చూశాను. గట్టిగానే ఉంది. "ఎర్త్‌కు ఏమైతది కాకా, గది గట్టిగనే ఉన్నది" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి, ఊకున్నాడు. మేస్త్రీతో అయితే ఇంకో మాట అనేవాడేమో. పటేలుతో అనలేదు.

సెల్ఫ్ విప్పడానికి మూడు బోల్టులు. రెండు సులువుగా వచ్చాయి. మూడోది ఇంజన్ కడుపు కింద, అడుగున నిలిచిన నీళ్లకు జానెడు పైన ఉంది. బోర్లా పడుకుని, మెడ వంచి, టార్చ్ పెట్టినా కనబడలేదు. అరగంట తంటాలు పడ్డాను. మోచేతులు గీరుకుపోయాయి. కాక తువ్వాల నడుముకు చుట్టుకుని గుంతలోకి దిగాడు. "గది కండ్లకు కనవడది పటేలా, చేతికే కనవడ్తది" అని నా చెయ్యి పట్టుకుని ఇంజన్ కిందుగా తీసుకెళ్లి, పాన సరిగ్గా బోల్టు మీద కూర్చునేదాకా వదల్లేదు. బోల్టు ఊడాక సెల్ఫ్ బరువంతా తన అరచేతి మీద పట్టుకుని పైకి అందించాడు. ఆయన లేకపోతే ఆ రోజు సెల్ఫ్ బయటికి వచ్చేది కాదు.

ఒడ్డున గోనెసంచి పరిచి సెల్ఫ్ విప్పాను. మూత తీయగానే మాడిన వాసన గుప్పుమంది. లోపల తిరిగే ఆర్మేచర్ బొగ్గులా ఉంది, దానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి విరిగిపోయాయి. కాంట్రాక్టర్ వచ్చాడు, టికెట్ల ఆయన వచ్చాడు, అవ్వ చేతిలో గంటెతోనే వచ్చింది. కాక అందరి వెనక నిలబడ్డాడు. నలుగురు చుట్టూ చేరితే నా నోరు ఊరుకోదు. మాడిన ఆర్మేచర్‌ను ఎత్తి చూపిస్తూ అన్నాను:

"గిది సెల్ఫ్ తప్పు కాదు, చేతి తప్పు. తాళం తిప్పిపట్టి ఇడువకపోతే కాలక ఏమైతది?"

కాంట్రాక్టర్ వెనక్కి తిరిగి కాకను చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, అంటే రెండు సెల్ఫులూ ఈయన చేతనే పోయాయా అని. జవాబు చెప్పేముందు నాకు ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. తెలియదు అనొచ్చు. చూడాలి అనొచ్చు. "ఇరవై ఆరేండ్ల నుంచి చూస్తన్న" అన్నాను.

కాక తాళం ఎక్కువసేపు పట్టిన మాట నిజమే. ఆయనా కాదనలేదు. "ఇడిస్తే తీస్కుంటలేదు సారు, గందుకే పట్టిన" అన్నాడు కాంట్రాక్టర్‌తో. ఎందుకు తీసుకోవడం లేదో చెప్పాల్సినవాణ్ణి నేను. ఆయన చెప్పాడు కూడా. నేను వినలేదు.

కాంట్రాక్టర్ అరవలేదు. పెద్దమనిషివి, ఇక ఇంటి దగ్గర ఉండు కాకా, వేరేవాళ్లను చూసుకుంటానన్నాడు అంతే. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అరుపైతే కోపం చల్లారాక వెనక్కి పోతుంది. నెమ్మదిగా చెప్పిన మాట అట్లాగే నిలబడుతుంది. కాక మొలతాడు నుంచి తాళం విప్పాడు. తువ్వాలతో తుడిచి, గోనెసంచి మీద నా పానాల పక్కన పెట్టాడు. "నల్ల వైరు మర్శిపోకు పటేలా" అని కట్ట దిగి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు మనసులో ఏమీ కదల్లేదు. మధ్యాహ్నం అవ్వ పెట్టిన అన్నం కడుపునిండా తిన్నాను.

అంత పాత రకం సెల్ఫ్ జనగామలో దొరకదు. మహబూబాబాద్‌లో, మేం మానుకోట అంటాం, మా దోస్తు ఒకడు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. ఒకే ఉస్తాద్ దగ్గర ఇద్దరం పని నేర్చుకున్నాం. మరునాడు మాడిన సెల్ఫ్‌ను సంచీలో వేసుకుని అతని దగ్గరికి వెళ్లాను. పళ్ల చక్రం పక్కన పెట్టి పళ్లు సరిచూసి, సరిపోయే సెల్ఫ్ ఒకటి అటక మీది నుంచి దింపాడు. కొత్త కార్బన్లు, కొత్త బుష్‌లు వేసి బ్యాటరీకి పెడితే గిర్రున తిరిగింది. తర్వాత నేను తెచ్చిన పాతదాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"గింతగనం కాలిందంటే కరెంటు సక్కగ అందలేదురా. ఎర్త్ చూసినవా?"

"చూసిన" అన్నాను.

వేలితో ఒకసారి కదపడాన్ని చూడటం అనరు. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. మా ఉస్తాద్ బతికి ఉన్న రోజుల్లో అట్లా అంటే చెవి మెలిపెట్టేవాడు. ఆయన మొదట నేర్పించిందే అది: సెల్ఫ్ మీద చెయ్యి వేసేముందు రెండు వైర్లూ విప్పు, గీకు, బిగించు. విప్పి గీకడానికి పావుగంట పడుతుంది. అంత చిన్న పనికి అబద్ధం ఆడాను. ఎందుకాడానంటే, చూడలేదంటే నిన్న నలుగురిలో నేనన్న మాట గాలిమాట అవుతుంది.

మూడో రోజు ఘనపూర్‌లో సెల్ఫ్ బిగించాను. మూడో బోల్టుకే మధ్యాహ్నం దాకా పట్టింది. చేతికి కనబడుతుందని ఆయన అన్నాడు గానీ నా చేతికి కనబడలేదు. చిట్టచివరికి ఎట్లాగో పడింది. తాళం తిప్పితే ఇంజన్ ఒక్క ఊపులో లేచింది. మంచి ఎండ కాస్తోంది, సెల్ఫ్ కొత్త బలంతో ఉంది, లేవక ఏంచేస్తుంది. కాంట్రాక్టర్ చేతులు కలిపాడు. నడపడానికి తన బామ్మర్దిని పెట్టుకున్నాడు. తాళం తిప్పి వెంటనే వదలాలని నేను ఆ అబ్బాయికి పెద్ద పాఠం చెప్పి బస్సెక్కాను.

నెలన్నర గడిచింది. పొద్దున్నే మంచు పడే రోజులొచ్చాయి. ఒకనాడు మళ్లీ ఫోన్. ఇరవైమంది జనంతో బోటు చెరువు నడిమధ్యలో ఆగిపోయిందట. ఇంజన్ ఆపి మళ్లీ లేపబోతే సెల్ఫ్ తీసుకోలేదు. చేపలవాళ్లు తెప్పలేసుకుని పోయి ఒడ్డుకు లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఒకామె చంటిపిల్లను పట్టుకుని గంటసేపు ఏడ్చిందని చెప్పాడు. ఏ వైరో నాకు జనగామలో ఉండగానే తెలిసిపోయిందనుకుంటాను.

ఘనపూర్ పోయి గుంతలోకి దిగి, బామ్మర్దిని తాళం తిప్పమని, నల్ల వైరు కొస మీద అరచెయ్యి పెట్టాను. సర్రున కాలింది. చెయ్యి తీసేశాను. మళ్లీ పెట్టాను, ఎందుకో తెలియదు.

బోల్టు విప్పాను. పైకి బిగువుగా ఉంది, పైన ఎవరో రంగు కూడా పూశారు. కింద అంతా తుప్పు, పచ్చటి చిలుము. లారీ అయితే ఇంకో దారి ఉండేది. ఇది ఫైబర్ పడవ. దీనికి బాడీ ఎర్త్ లేదు. కింద నేల లేదు, నీళ్లే. కరెంటు తిరిగి రావడానికి ఈ ప్రపంచంలో ఉన్న దారి ఈ ఒక్క నల్ల వైరే. అది సగం మూసుకుపోతే సెల్ఫ్ మూలుగుతుంది, మూలిగితే తాళం పట్టుకోవాల్సి వస్తుంది, పట్టుకుంటే కాలుతుంది. చెరువు మీద పుట్టినవాడు అరచేత్తో కనిపెట్టిన సంగతి ఇది. బండ్ల మధ్య బతికినవాడికి చెప్పినా ఎక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే నాకు అక్షరాలా జరిగింది. గరుకు కాగితంతో తుప్పు గీకాను, కొత్త మందపాటి వైరు మూరెడు వేశాను. పావుగంట. బామ్మర్ది తాళం తిప్పీతిప్పకముందే ఇంజన్ లేచింది. సెల్ఫ్‌కు ఏమీ కాలేదు, దాని జోలికే పోలేదు.

ఏమైందన్నా అని అడిగాడు కాంట్రాక్టర్. అప్పుడు చెప్పాల్సింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తడికి వైరు లూజైందని, ఇప్పుడు సరిచేశానని చెప్పి సంచీ సర్దుకున్నాను.

"ఏ వైరు బిడ్డా?" అంది హోటలు అవ్వ.

బ్యాటరీ వైరని చెప్పాను.

"నల్లదా, ఎర్రదా?"

వినబడనట్టు పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు ఆమె చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంట్లో రెండు రోజులు ముద్ద దిగలేదు. మా ఆవిడ నిలదీస్తే అంతా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడని. నాకు తెలియదు. ఒక మనిషి పనిని పోగొట్టి, ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో నెలన్నరలో ఒక్కసారి కూడా నేను అడగలేదు. అవ్వ అడిగినప్పటికంటే, మా ఆవిడ ముందు తలదించుకున్నప్పుడు నాకు ఎక్కువ సిగ్గేసింది.

టికెట్ల ఆయనకు ఫోన్ చేస్తే చెప్పాడు. కాక కొత్తగూడ దగ్గర కూతురింటికి వెళ్లిపోయాడట. అక్కడ ఎవరిదో మిరపతోటకు కాపలా ఉంటున్నాడట. నేను మొదట మానుకోట వెళ్లి దోస్తును కలిశాను. ఆ రోజు ఎర్త్ చూడలేదురా, చూశానని అబద్ధమాడానని చెప్పాను. వాడు చేతిలో పని ఆపకుండానే "ఎరుకే. చూసినోడు గంత జల్ది చెప్పడు" అన్నాడు. అన్ని రోజులూ మనసులో పెట్టుకుని ఊరుకున్నాడన్నమాట.

గూడూరు మీదుగా కొత్తగూడ చేరి, అక్కణ్ణుంచి ఆటోలో పోయాను. అడవి అంచున తోట. కాయ ఎర్రబడుతోంది. గట్టు మీద చిన్న రేకుల గది, గది గోడకు బోరు స్టార్టర్ డబ్బా. దాని పక్కనే గోనెపట్టా మీద కాక కూర్చుని ఉన్నాడు. పొద్దునా సాయంత్రం ఆ డబ్బా మీద మోటర్ వేసి ఆపడం ఆయన పని. మొదటిరోజు ఫోన్‌లో బోటును బోరని విన్నది నేను. ఆయన్ని తెచ్చి నిజంగానే బోరు దగ్గర కూర్చోబెట్టింది కూడా నేనే.

నన్ను చూసి లేచాడు. "పటేలా, గింత దూరం ఎందుకొచ్చినవు" అని చెంబుతో నీళ్లిచ్చాడు. నేను నీళ్లు పక్కన పెట్టి ముందు మాట చెప్పాను. తప్పు నాదని, నల్ల వైరేనని, ఆయన చెప్పినట్టే చెయ్యి కాలిందని. ఆయన కాలువలో పారే నీళ్లకేసి చూస్తూ విన్నాడు.

"నాకెరుకే గద" అన్నాడు.

కాంట్రాక్టర్‌తో మాట్లాడి మళ్లీ పనిలో పెట్టిస్తానన్నాను. మిరపకాయ ఏరడం అయ్యేదాకా ఉంటానని వీళ్లకు మాటిచ్చానని, నడుమ వదిలేసి రానని చెప్పాడు. తర్వాత ఆయనే అన్నాడు:

"నాకు చెప్పుడు ఎందుకు పటేలా? నా తప్పని నేను ఎన్నడన్న అనుకున్ననా? నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే తీస్కోవాలె. ఈడ నేనొక్కన్నే ఉన్న."

కోపంగా అనలేదు. నాకు మూడో బోల్టు చూపించినప్పటి గొంతుతోనే అన్నాడు. నేను ఆయన నంబరు రాసుకుని వచ్చేశాను.

వెంటనే ఘనపూర్ వెళ్లాననుకుంటే పొరపాటు. ఒక ఆదివారం షాపులో పనుందన్నాను. ఇంకో ఆదివారం చుట్టాల పెళ్లి. మూడో ఆదివారం ఒంట్లో బాగాలేదు. ఒంట్లో నిజంగానే బాగాలేదు, కాకపోతే అది భయం. ఇరవై ఆరేళ్ల పేరు, నలుగురి ముందు నా నోటితో నేనే తీసేసుకోవాలి. ఒక ముసలాయన పేరు తీసేయడానికి మాత్రం నాకు ఒక్క ఊపిరి సరిపోయింది.

నాలుగో ఆదివారం వెళ్లాను. పానాల సంచీ తీసుకెళ్లలేదు. కాంట్రాక్టర్ నవ్వుతూ ఎదురొచ్చాడు, బోటు మంచిగానే నడుస్తోంది గదన్నా అన్నాడు. టికెట్ల ఆయన్ని, అవ్వను కూడా పిలవమన్నాను. ఏదో శుభవార్త అనుకున్నట్టున్నాడు, పిలిచాడు. నేను మొదలుపెట్టాను. ఆ రోజు తడి ఉందని, పడవ ఇంజన్ నాకు కొత్తని, పైకి బోల్టు గట్టిగానే కనిపించిందని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా మాట అన్నింటి మీదికీ పోతోంది గానీ నా మీదికి రావడం లేదు.

అవ్వ మధ్యలో ఆపింది. "నల్లదా ఎర్రదా అంటే గప్పుడు ఇనవడనట్టు చేసినవు బిడ్డా. నువ్వు సెల్ఫ్ బిగించిపోయినంక గాయిన వారం దినాలు ఈ బల్ల మీద కూసున్నడు. మేస్త్రి మళ్ల వస్తడు, నల్ల వైరు చూస్తడు అని. నువ్వు రాలే. గప్పుడు పోయిండు బిడ్డింటికి."

నేను ఆ బల్లకేసి చూశాను. కిందటిసారి చాయ్ కూడా తాగకుండా నేను దాటి వెళ్లిపోయిన బల్ల అదే. ఫోన్ తీసి కాకకు చేసి, అందరికీ వినబడేట్టు పెట్టాను.

ఎత్తాడు. ఘనపూర్ చెరువు దగ్గరున్నానని చెప్పాను.

"ఎవరెవరున్నరు ఆడ?" అన్నాడు.

కాంట్రాక్టర్ ఉన్నాడని చెప్పాను.

"టికెట్లాయన?"

ఉన్నాడన్నాను.

"హోటలవ్వ ఉన్నదా?"

"ఉన్నది కాకా."

"అయితే చెప్పు."

చెప్పాను. రెండు సెల్ఫులూ ఆయన చేతివల్ల పోలేదని, ఎర్త్ వైరు తుప్పువల్ల పోయాయని, ఆయన ఆ రోజే చెబితే నేను వినలేదని, చూడకుండానే చూశానని అబద్ధమాడానని, ఆయన పని నావల్ల పోయిందని. ఈసారి తడి మీదికి గానీ పడవ మీదికి గానీ పోలేదు. కాంట్రాక్టర్ నావైపు చూడలేదు, నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. టికెట్ల ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అటువైపు నుంచి కాలువలో నీళ్ల చప్పుడు వస్తోంది.

"మంచిది మేస్త్రీ" అన్నాడు. "మోటర్ బందు పెట్టే యాళ్లయింది, పోతున్న."